బూజు దులిపినా సాలీడు ఎందుకు తిరిగొస్తుంది

దసరాకు బూజు దులిపిన ఇంట్లో దీపావళి నాటికి అదే మూలన మళ్లీ బూజు కనిపిస్తుంది. చీపురు సరిగ్గా తగల్లేదని అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఆ మూల పక్కనే ట్యూబులైటు ఉంటుంది, లేదా జాలి లేని కిటికీ ఉంటుంది. రాత్రి వెలుతురుకు దోమలు, చిన్న ఈగలు, వరి పచ్చదోమలు అక్కడికే చేరతాయి. తిండి వచ్చే దారి మారనంత కాలం ఒక సాలీడు పోతే ఇంకొకటి వచ్చి అక్కడే గూడు అల్లుతుంది. మిర్యాలగూడ వైపు కాలువ కింద వరి పొలాల పక్కనున్న ఇంటికైనా, పాలమూరు చెల్కల్లో రాతి గోడల ఇంటికైనా ఇదే వర్తిస్తుంది.

కాబట్టి సాలీళ్లు ఎక్కువయ్యాయంటే ఇంట్లో వాటి తిండి ఎక్కువైందని అర్థం. ఏ పురుగు ఎక్కడి నుంచి వస్తోంది, ఏం తిని బతుకుతోంది అన్నది చూడకుండా మందు డబ్బా పట్టుకుంటే డబ్బు వృథా అవుతుంది. పత్తి మందులు ఇంట్లోనే నిల్వ ఉండే మన పల్లెల్లో ప్రాణాల మీదికీ వస్తుంది.

ఈ ప్రాంతపు ఇళ్లలో తరచుగా కనబడే సాలీళ్లు నాలుగు రకాలు. మొదటిది సన్నని పొడుగు కాళ్లది. పైకప్పు మూలల్లో, సజ్జ కింద, బాత్రూం కిటికీలో చిందరవందరగా అల్లిన గూడులో తలకిందులుగా వేలాడుతుంది. గూడును పుల్లతో కదిపితే ఒళ్లంతా గిరగిరా ఊపేస్తుంది. శత్రువుకు గురి కుదరకుండా అది చేసే పని అది. ఆడ సాలీడు గుడ్లను చిన్న ఉండలా చేసి నోటితో కరచుకుని తిరుగుతుంది. దోమలను తింటుంది, తోటి సాలీళ్లనూ తింటుంది. పాత గూడును విప్పదు, దానికే కొత్త దారాలు కలుపుతూ పోతుంది. అందుకే దుమ్ము పట్టి వేలాడే బూజులో ఎక్కువ భాగం దీనిదే.

రెండోది గోడ మీద చదునుగా పరుచుకుని కూర్చునే పెద్ద సాలీడు. కాళ్లు చాపితే అరచేయంత ఉంటుంది, చూసినవాళ్లు బెదిరిపోయేది దీన్నే. ఇది వల అల్లదు. రాత్రిపూట తిరుగుతూ బొద్దింకలను వేటాడుతుంది. ఆడది గుడ్లను తెల్లటి గుండ్రని బిళ్లలో పెట్టి పొట్ట కింద పట్టుకుని తిరుగుతుంది. ఆ బిళ్లతో ఉన్నప్పుడు చీపురుతో కొడితే బిళ్ల చిట్లి, వందల పిల్లలు ఇల్లంతా చెదిరిపోవచ్చు. గట్టిగా నొక్కితే కరుస్తుంది, కాసేపు నొప్పి, వాపు ఉంటాయి, అంతకు మించి ప్రమాదం లేదు.

మూడోది కిటికీ చట్రాల మీద పగలు తిరిగే గెంతుడు సాలీడు. వేలి గోరంత ఉంటుంది. ముందు వైపు రెండు పెద్ద కళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. మనిషి కదిలితే తిరిగి చూస్తుంది. ఈగ మీదికి దూకే ముందు వెనక ఒక దారం అంటించి మరీ దూకుతుంది, గురి తప్పితే ఆ దారం పట్టుకునే వెనక్కి ఎక్కుతుంది. నాలుగోది గోడ మీద, తలుపు చట్రం పక్కన తెల్లటి పల్చటి మచ్చలా కనిపించే చిన్న గూట్లో ఉంటుంది. చాలామంది దాన్ని సున్నం పెచ్చు అనుకుని వదిలేస్తారు. 2, 3 మిల్లీమీటర్లు మించని ఈ సాలీడు చీమలను తిని బతుకుతుంది.

ఈ నాలుగింటిలో ఏదీ మనిషి ప్రాణం తీసేది కాదు. మంచం పైన, ఉయ్యాల దగ్గర, వంటగది అరల్లో, స్విచ్ బోర్డుల మీద గూళ్లు ఉండకూడదు. సజ్జ పైన, స్టోరు గదిలో, వరండా చూరు కింద వాటిని వదిలేస్తే నష్టం లేదు. అలాగని సాలీళ్లు ఉంటే దోమల బెడద తీరుతుందనుకోవడమూ తప్పే. డెంగీ దోమ పుట్టేది కూలర్ నీళ్లలో, గోలెంలో, పాత టైర్లలో. దాని గుడ్లు పాత్ర గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి. వారానికోసారి నీళ్లు పారబోయడంతో సరిపోదు, లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి.

బూజు దులిపే పద్ధతిలో ఒక చిన్న మార్పు చాలు. పొడి చీపురు బూజును, సాలీడును, దుమ్మును గది మొత్తం ఎగజల్లుతుంది. కర్ర చివర తడిపి పిండిన గుడ్డ చుట్టి, మూలలో పెట్టి ఒకే వైపు తిప్పుతూ చుట్టేస్తే గూడు గుడ్లతో సహా గుడ్డకే అంటుకుంటుంది. ఆ గుడ్డను సబ్బు నీళ్ల బకెట్లో ముంచాలి. ఫ్యాను ఆపాలి, ముక్కుకు తువ్వాలు కట్టుకోవాలి, నేల ఊడవడం చివర పెట్టుకోవాలి. పదిహేను రోజులకోసారి ఇలా చేస్తే పండగకు ఒక్కసారిగా నడుం విరగ్గొట్టుకునే పని ఉండదు. పెద్ద సాలీడు గదిలోకి వస్తే దాని మీద ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, గోడకూ డబ్బాకూ మధ్య మందపాటి పెళ్లి పత్రిక జరిపి, అలాగే బయటికి తీసుకెళ్లి ప్రహరీ దగ్గర వదిలితే సరిపోతుంది.

తిండి తగ్గించాలంటే లైటు మార్చాలి. ఇంటి ముందు తలుపు పైనే తెల్లటి లైటు ఉంటే రాత్రి పురుగులన్నీ గడప దగ్గరికే వస్తాయి. దాన్ని తలుపుకు రెండు మూడు మీటర్ల దూరంలో, గేటు వైపు పెట్టి, పసుపు రంగు ఎల్‌ఈడీ వేస్తే లోపలికి వచ్చేవి బాగా తగ్గుతాయి. కిటికీలకు అంగుళానికి 16 నుంచి 18 కళ్లున్న దోమ జాలి, తలుపు అడుగున రబ్బరు పట్టీ ఉండాలి.

సాలీడు మీద పడే నిందలు

పొద్దున లేచేసరికి మెడ మీద గీత గీసినట్టు ఎర్రగా కమిలి, మంట పుడుతూ, మధ్యలో చిన్న చీము పొక్కులు ఉంటాయి. సాలెపురుగు పాకిందని, ఉచ్చ పోసిందని అంటారు. వానాకాలంలో వచ్చే ఇలాంటి మచ్చలకు చాలావరకు కారణం పెడెరస్ అనే వేరే పురుగు. పొడవు 7 నుంచి 10 మిల్లీమీటర్లు, దూరం నుంచి చీమలాగే కనిపిస్తుంది. తల నలుపు, మెడ నారింజ, వీపు మీద నీలం మెరుపున్న పొట్టి రెక్కల డొప్ప, దాని వెనక మళ్లీ నారింజ, తోక కొస నలుపు. బెదిరితే తోక పైకెత్తుతుంది. ఇది కుట్టదు, కరవదు. ఒంట్లోని రసంలో పెడెరిన్ అనే విషం ఉంటుంది. చర్మం మీద వాలినప్పుడు ఛట్‌మని కొడితే, ఆ రసం అంటిన మేరకు చర్మం కాలుతుంది.

నింద సాలీడు మీదికి పోవడానికి కారణం ఆలస్యం. పురుగు నలిగిన వెంటనే ఏమీ తెలియదు, ఒకటి రెండు రోజుల తర్వాత మచ్చ బయటపడుతుంది. అప్పటికి నలిపిన సంగతి గుర్తుండదు, గోడ మీద సాలీడు మాత్రం కళ్లెదుట ఉంటుంది. మోచేతి మడతలో నలిగితే మడతకు రెండు వైపులా అచ్చు గుద్దినట్టు ఒకే ఆకారంలో మచ్చలు వస్తాయి. ఇది కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. రసం అంటిన వేలితో కన్ను నలిపితే కన్ను వాచిపోతుంది. పొక్కుల నుంచి కారే నీరు మాత్రం ఒకరి నుంచి ఒకరికి అంటదు.

ఈ పురుగు వరి పొలంలో సుడిదోమను తినే మిత్ర పురుగు. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, మూసీ పరీవాహకంలో పొలాల పక్కనున్న ఇళ్లకు వానల తర్వాత, వరి కోతలప్పుడు లైట్లకు వస్తుంది. ఒంటి మీద వాలితే కొట్టకుండా ఊదేయాలి, లేదా కాగితం ముక్క మీదికి ఎక్కించి వదిలేయాలి. పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో, ఎక్కువ నీటితో కడగాలి, ఆ చేత్తో ముఖం తాకకూడదు. మచ్చ వచ్చాక చల్లటి తడిగుడ్డ వేస్తే మంట తగ్గుతుంది. రెండు వారాల్లో మానుతుంది, నల్ల మరక కొన్నాళ్లు ఉంటుంది. సున్నం, పసుపు, పేస్టు పూస్తే కాలిన చర్మం ఇంకా పుండవుతుంది.

రెండో నింద సర్పి. నడుముకో ఛాతీకో ఒక పక్క మాత్రమే పట్టీ కట్టినట్టు పొక్కులు, వాటికి రెండు మూడు రోజుల ముందు నుంచే సూదులతో పొడిచినట్టు నొప్పి. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు ఒంట్లో చేరి, నరాల్లో దాగి ఉన్న ఆటలమ్మ వైరస్సే పెద్ద వయసులోనో, ఒంట్లో శక్తి తగ్గినప్పుడో ఇలా తిరిగి లేస్తుంది. సాలీడుకూ దీనికీ సంబంధమే లేదు. పొక్కులు మొదలైన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మంత్రం వేయించుకుంటూ ఆ మూడు రోజులు గడిపేస్తే, పొక్కులు మానినా నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు. కంటి దగ్గర, ముక్కు కొస మీద పొక్కులొస్తే అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

సాలీడు బంధువుల్లో ఒకదాన్ని మాత్రం అందరూ ఇష్టపడతారు. ఆరుద్ర కార్తెలో, తొలి వానలకు ఎర్ర చెల్కల్లో కనిపించే మఖమలు లాంటి ఆరుద్ర పురుగు నిజానికి కీటకం కాదు, ఎనిమిది కాళ్లున్న మైట్ జాతి జీవి (మంచం నల్లి కాదు). దాని జోలికి పోనక్కర్లేదు. సాలీళ్లకు అసలు శత్రువు కుమ్మరి పురుగు అనే కందిరీగ. గోడలకు, స్విచ్ బోర్డు లోపల, కూలర్ గొట్టాల్లో తడి మట్టితో గూడు కట్టి, సాలీళ్లను కుట్టి చచ్చుబడేలా చేసి, ఒక్కో అరలో కుక్కి, వాటి మీద గుడ్డు పెట్టి మూతి మూసేస్తుంది. లోపలి పిల్ల వాటిని తిని పెరుగుతుంది. చేత్తో పట్టుకుంటే తప్ప ఇది మనుషులను కుట్టదు. స్విచ్ బోర్డులో, గ్యాసు గొట్టాల దగ్గర కట్టిన గూళ్లను మాత్రం కరెంటు ఆపి తీసేయాలి.

బొద్దింకలు: మోరీ నుంచి ఫ్రిజ్ దాకా

రెండు రకాల బొద్దింకలకు రెండు రకాల పని. పెద్ద ఎర్రటిది, రెండు అంగుళాలకు కాస్త తక్కువ పొడవుండేది, మోరీల్లో, సెప్టిక్ ట్యాంకులో బతుకుతుంది. వేసవి రాత్రుల్లో బాత్రూం జాలి నుంచి పైకి వస్తుంది. నేలలో అమర్చిన ట్రాప్‌లో (నీరు నిలిచే వంపు గొట్టంలో) ఎప్పుడూ ఒక 50 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉండాలి, ఆ నీరే దానికి అడ్డు. వాడని బాత్రూంలో ఎండలకు ఆ నీరు ఆవిరైపోతుంది, దారి తెరుచుకుంటుంది. ఊరెళ్లి నెల తర్వాత తిరిగొచ్చిన ఇంట్లో బొద్దింకలు కనబడటానికి ముఖ్య కారణం ఇదే. వారానికి ఒక చెంబు నీళ్లు పోయాలి. ఎక్కువ రోజులు ఊరికి పోతుంటే నీళ్లు పోశాక పైన ఒక చెంచా వంటనూనె వేస్తే ఆవిరి కావడం తగ్గుతుంది. ట్రాప్ లేకుండా నేరుగా మోరీలోకి పోయే పాత గొట్టాలకు సన్న కళ్ల స్టీలు జాలి బిగించాలి.

చిన్నది అంగుళంలో సగం, లేత గోధుమ రంగు, మెడ మీద రెండు నల్లటి చారలు. ఇది మోరీ నుంచి రాదు. కిరాణా అట్టపెట్టెల్లో, పాత ఫ్రిజ్‌తో, అద్దె ఇంటి సామాన్లతో వస్తుంది. ఫ్రిజ్ మోటారు దగ్గర, మిక్సీ అడుగున, గ్యాసు బండ కింద, అలమార కీళ్లలో ఉంటుంది. ఒక గుడ్ల సంచిలో 30 నుంచి 40 గుడ్లు. పిల్లలు బయటికొచ్చే దాకా తల్లి దాన్ని వెంటే మోస్తుంది, అందుకే స్ప్రేకు దొరకవు. రూపాయి బిళ్ల నిలువుగా దూరే సందు దీనికి చాలు. వంటగది సందులను అదే బిళ్లతో పరీక్షించి, దూరిన చోటల్లా తెల్ల సిమెంటుతోనో సిలికాన్‌తోనో మూయాలి.

దీనికి జెల్ ఎర మంచి మార్గం. ఫిప్రోనిల్ 0.05 శాతం లేదా ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం ఉన్న జెల్ సిరంజి దొరుకుతుంది. పెసరగింజంత చుక్కలు, బొద్దింకలు దాగే చోట్ల పక్కనే, వంటగది మొత్తానికి పాతిక ముప్పై దాకా పెట్టాలి. పెద్ద పెద్ద ముద్దలు నాలుగు పెట్టడం కంటే చిన్న చుక్కలు చాలా చోట్ల పెట్టడమే పనిచేస్తుంది, ఎందుకంటే పిల్ల బొద్దింకలు గూటికి దూరంగా వెళ్లవు. ఎర తిన్నది గూట్లోకి పోయి చస్తుంది, దాని రెట్టను, శవాన్ని తిన్నవీ చస్తాయి. వారం తర్వాత చుక్కలు చూసి, అయిపోయిన చోట మళ్లీ పెట్టాలి. మూడు నాలుగు వారాలకు తేడా తెలుస్తుంది.

జెల్ పనిచేయలేదంటే ఎక్కువగా రెండు తప్పుల్లో ఒకటి జరిగి ఉంటుంది. ఒకటి, జెల్ పెట్టిన చోటే స్ప్రే కొట్టడం లేదా ఫినాయిలుతో తుడవడం. ఆ వాసనకు బొద్దింక ఎర ముట్టదు, పైగా స్ప్రే వాటిని పక్క గదుల్లోకి తరుముతుంది. రెండు, రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో వదిలేయడం. మంచి తిండి, నీరు ఎదురుగా ఉంటే జెల్ దగ్గరికి రావు. రాత్రి పడుకునే ముందు సింకును పొడిగుడ్డతో తుడిచేస్తే జెల్ బలం రెట్టింపైనట్టే.

చీమలకు ఎర ఇంట్లోనే కలపొచ్చు. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల చక్కెర, 1 గ్రాము బోరిక్ పౌడరు. బోరిక్ ఇంకా వేస్తే తొందరగా చస్తాయనిపిస్తుంది, కానీ పుట్టకు చేరేలోపే కూలి చీమలు చస్తే లోపలి రాణికి ఏమీ కాదు. దూదిని దీనిలో ముంచి, పిల్లలకు అందని చోట, చీమల బారు పక్కన పెట్టాలి. రెండు రోజులు చీమలు ఇంకా ఎక్కువ వస్తాయి, వాటిని తుడిచేయకూడదు.

చేను మందు ఇంట్లో వద్దు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పత్తి సాగు ఎక్కువ, చాలా ఇళ్లలో చేను మందు సీసా ఉంటుంది. మిగిలిన మందును నీళ్లలో కలిపి నల్లులకు మంచం మీద, బొద్దింకలకు వంటగదిలో చల్లే అలవాటు ఉంది. చేలో ఎండకు, వానకు, గాలికి విరిగిపోయే మందు మూసిన గదిలో గోడలకు, బట్టలకు పట్టి చాలాకాలం ఉంటుంది. నేల మీద పాకే పసిపిల్లలు అరచేతుల్తో అదే మందును నోట్లో పెట్టుకుంటారు. ఆర్గానోఫాస్ఫేట్ మందులకు చొల్లు కారడం, కంటిపాప సూదిమొనంత కావడం, వాంతులు, ఊపిరాడకపోవడం లక్షణాలు. ఇవి కనిపిస్తే బట్టలు తీసేసి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు సీసాను వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి.

ధాన్యం బస్తాల్లో పెట్టే గ్యాసు బిళ్లల సంగతి ఇంకా భయంకరం. 3 గ్రాముల అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల గాలిలో తేమకు 1 గ్రాము ఫాస్ఫీన్ వదులుతుంది. పడుకునే గదిలోనో, పక్క గదిలోనో ఉంచిన బియ్యంలో ఈ బిళ్లలు వేస్తే రాత్రికి రాత్రి నిద్రలోనే ప్రాణాలు పోతాయి, దీనికి విరుగుడు మందు లేదు. చట్టం ప్రకారం ఇవి శిక్షణ పొందినవాళ్లు తప్ప వాడకూడనివి. దుకాణంలో చేతికిచ్చినా ఇంటికి తేకూడదు.

ఇంటి ధాన్యానికి వీటి అవసరమే రాదు. బియ్యంలో ముక్క పురుగు గింజకు రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి మూసేస్తుంది. చెరిగినా, జల్లించినా లోపలి పురుగు అలాగే ఉండి నెలకు బయటపడుతుంది. తేమ 12 శాతం లోపు ఉంటే దాని పెరుగుదల మందగిస్తుంది. పంటి కింద గింజ మెత్తగా నలగకుండా టక్కున విరిగితే సరిపడా ఆరినట్టే. కొద్దిపాటి పిండి, రవ్వ అయితే నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెడితే గుడ్లు కూడా చస్తాయి. కందులు, పెసలు విత్తనానికి దాచాలంటే కిలోకు 5 మిల్లీలీటర్ల నూనె పట్టించాలి, నూనె పొర గుడ్లకు ఊపిరాడనివ్వదు. ఆముదం పండే నేల మనది, నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం ఆ పంట మీద ఏళ్లుగా పనిచేస్తోంది. కందిపప్పుకు ఆముదం రాసే పెద్దల పద్ధతి ఏ మందుకూ తీసిపోదు.

తేలు, జెర్రి

సాలీడు బంధువుల్లో నిజంగా భయపడాల్సింది తేలుకే. పెద్ద నల్లటి మండ్రగబ్బ చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, కుడితే నొప్పి విపరీతం, ప్రాణాపాయం అరుదు. ఎర్రటి, లేదా ఎరుపు పసుపు కలిసిన చిన్న తేలు ప్రమాదకరమైనది. ముందున్న పట్టకారు లాంటి డెక్కల వైపు చూస్తే తేడా తెలుస్తుంది. డెక్కలు లావుగా ఉంటే విషం తక్కువ, డెక్కలు సన్నగా ఉండి తోక లావుగా ఉంటే విషం ఎక్కువ.

రాతి కట్టుబడి గోడల సందుల్లో, పేర్చిన షాబాదు బండల మధ్య, పిడకల కుప్పలో, పత్తి కట్టె మోపుల్లో ఎర్ర తేలు ఉంటుంది. కట్టెలు ఇంటి గోడకు ఆనించి పేర్చడం చాలాచోట్ల కనిపిస్తుంది, వాటిని గోడకు మీటరు దూరంగా, అడుగున రెండు ఇటుకలు వేసి పేర్చాలి. గూన పెంకుల ఇంట్లో మంచం గోడకు తగలకూడదు, దుప్పటి నేలకు జారకూడదు, దోమతెర అంచులు పరుపు కిందికి దోపాలి. పొద్దున చెప్పులు, బూట్లు దులపకుండా కాలు పెట్టకూడదు. తేళ్లు అల్ట్రావయొలెట్ కాంతిలో ఆకుపచ్చగా మెరుస్తాయి. నోట్లు చూసే చిన్న టార్చి చేతిలో ఉంటే కరెంటు లేని చీకట్లో ప్రహరీ చుట్టూ ఒకసారి తిప్పితే, మామూలు టార్చికి అసలు కనబడనివి కొన్ని అడుగుల దూరం నుంచే బయటపడతాయి. కొత్తగా కుబుసం విడిచిన తేలు మాత్రం అంతగా మెరవదు.

కుట్టినప్పుడు కట్టు కట్టడం, గాటు పెట్టడం, ఆకు పసరు పోయడం వద్దు. నొప్పి కుట్టిన చోటే ఉంటే అంత ప్రమాదం లేదు. ఒళ్లంతా చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం, ఆయాసం మొదలైతే విషం గుండె మీద పనిచేస్తున్నట్టే, వెంటనే 108కి ఫోన్ చేయాలి. చిన్న పిల్లలను లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా తీసుకెళ్లాలి. ఎర్ర తేలు విషానికి ప్రాజోసిన్ అనే బీపీ మాత్ర ప్రాణాలు నిలుపుతుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980లలో చూపించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చౌకైన ఆ మాత్ర ఇప్పుడు తేలు కాటు చికిత్సలో ముఖ్యమైన మందు. మోతాదు రోగి బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి, రక్తపోటు పడిపోతుంది కాబట్టి ఇంట్లో వేసుకునే మాత్ర కాదు.

జెర్రి కాటు మంటగా, వాపుగా ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తడి ఉన్న చోటికే వస్తుంది, లీకవుతున్న కుళాయి బాగు చేయడమే దానికి మందు.

నల్లులు, చెదలు

నల్లులు మురికివల్ల రావు, సామాన్లతో వస్తాయి. వలస పనుల నుంచి తెచ్చిన పరుపులు, హాస్టల్ ట్రంకులు, దూర ప్రయాణపు బస్సు సీట్లు వాటి దారులు. ఏ కుటుంబాన్నీ దీనికి తక్కువ చేసి చూడాల్సిన పనిలేదు. పరుపు కుట్ల వెంట, మంచం కీళ్లలో నల్లటి చుక్కలు, మిల్లీమీటరు పొడవు తెల్లటి గుడ్లు గుర్తులు. పరుపును ఎండలో పరిస్తే నల్లులు అడుగు నీడవైపుకు జారుకుంటాయి, సాయంత్రానికి మళ్లీ పైకొస్తాయి. మే నెల ఎండలో పరుపును నల్లటి ప్లాస్టిక్ కవరులో పూర్తిగా చుట్టి, టేపుతో మూసి, మధ్యలో తిరగేస్తూ రోజంతా ఉంచితే లోపల 50 డిగ్రీలు దాటొచ్చు. ఆ వేడి గంటన్నరకు పైగా నిలిస్తే గుడ్లతో సహా చస్తాయి. నులక మంచానికి, నవారు మంచానికి పెద్దలు చేసినట్టు కీళ్లలో సలసల మరిగే నీళ్లు పోయడం ఇప్పటికీ సరైనదే. గుడ్లు 6 నుంచి 10 రోజుల్లో పొదుగుతాయి కాబట్టి పది రోజులకు మళ్లీ చేయాలి, ఈ రెండో విడత వదిలేస్తే మొదటిది దండగ. కిరోసిన్ పోయడం అగ్నికి ఆహుతివ్వడమే.

తొలి వానల సాయంత్రం లైట్ల చుట్టూ ముసిరే ఉసిళ్లు రెక్కలొచ్చిన చెదలు. బయటి నుంచి వచ్చినవైతే అరగంట లైట్లు ఆపితే పోతాయి. కిటికీలు మూసిన గదిలో దర్వాజ పక్కనే రెక్కలు రాలి ఉంటే పుట్ట ఇంటి కిందే ఉన్నట్టు. గోడ మీద మట్టి గొట్టం కనిపిస్తే దాన్నంతా రాల్చేయకుండా మధ్యలో ఒక 5 సెంటీమీటర్లు మాత్రమే తీసేసి రెండు మూడు రోజులు చూడాలి. మళ్లీ పూడ్చుకుంటే అది నడుస్తున్న దారి. పైపైన స్ప్రే కొడితే ఆ దారి మూసుకుని, రెండు అడుగుల అవతల ఇంకోటి తెరుస్తాయి.

పద్ధతి ప్రకారం చేసేవాళ్లు గోడా నేలా కలిసే చోట 12 మిల్లీమీటర్ల రంధ్రాలు 30 సెంటీమీటర్లకొకటి చొప్పున వేసి, ఒక్కోదానిలో లీటరు దాకా మందు నీళ్లు పోస్తారు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం అయితే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. వాసన ఉండదు కాబట్టి కలిపారో లేదో తెలియదు, సీసా సీలు కళ్ల ముందే తీయించి, కలిపేటప్పుడు దగ్గరుండి చూడాలి. బావి, బోరు, నీటి సంపు పక్కన ఈ పని చేయించకూడదు. రాతి పునాది ఇళ్లలో మందు బండల సందుల్లోంచి ఎటో కారిపోతుంది, లీటరు పోసినా రంధ్రం నిండకపోతే అక్కడ ఆపి, పక్కన కొత్త రంధ్రం వేయాలి. రంధ్రాలు సిమెంటుతో మూశాక, పుస్తకాలు, అట్టపెట్టెలు గోడకు నాలుగు వేళ్ల ఎడంగా సర్దాలి. వచ్చే జూన్ తొలి వానకు అదే గదిలో మళ్లీ రెక్కలు రాలితే, ఇల్లంతా కాకుండా ఆ ఒక్క గోడకే మళ్లీ రంధ్రాలు వేయిస్తే సరిపోతుంది.